ఎర్రమ్మ కడియాలు

మా ఇంట్లో ఎవరైనా వెండి సామాను తోమడానికి కూర్చుంటే నేను ఆ ఛాయలకు పోను. పండగ ముందురోజు మా తోడికోడలు కుంకుడుకాయలు కొట్టి వేడినీళ్లలో నానేసి, కుందులూ పళ్లెమూ ముందేసుకుని, విబూది పొట్లం విప్పుతుంది. ఆ కుంకుడు రసం ఘాటు వంటింట్లోంచి హాల్లోకి వస్తుంది. అందరికీ తుమ్ములొస్తాయి. నేను మాత్రం ఏదో పని పెట్టుకుని వీధిలోకి పోతాను. "వెండి తోమాలంటే చాలు, నీకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి" అని ఆవిడ దెప్పుతుంది. దెప్పడంలో తప్పులేదు. ఇరవై ఏళ్లుగా ఆఫీసులో వెండి నగల మధ్య బతుకుతున్నదాన్ని, ఇంట్లో ఒక్క కుంది ముట్టను. కారణం సుభద్రగారు అంటే ఆవిడకు అర్థం కాదు. సుభద్రగారిని మా ఇంట్లో ఎవరూ ఎరగరు. మీరూ ఎరగరు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మాది శృంగవరపుకోట వైపు పల్లె. నాన్న రైతు. విశాఖపట్నంలో మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. తొంభైల మొదట్లో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న మ్యూజియంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఉద్యోగమంటే గొప్పదేం కాదు, ఉన్న వస్తువులకు కార్డులు రాయడం. నాలుగు గదుల పాత బంగళా. గాలి రేవు వైపు నుంచి మళ్లిందంటే అక్కడి ఇనప ఖనిజం గుట్టల ఎర్రటి దుమ్ము కిటికీ ఊచల మీద పడేది. తుడిచిన గంటకే మళ్లీ దానిమీద వేలితో పేరు రాయొచ్చు. మ్యూజియం అంటే రాజుల కత్తులూ కిరీటాలూ ఉంటాయనుకుని వెళ్లాను. తీరా చూస్తే అక్కడున్నవి మా నాయనమ్మ కాళ్లకూ చేతులకూ ఉన్నటువంటివే. కాలి కడియాలు, చేతి మురుగులు, మెడ కంటెలు, దండకడియాలు, ముక్కు బులాకీలు. రైతు ఆడవాళ్లవి కొన్ని, జాలరి ఆడవాళ్లవి కొన్ని. సగం వెండి, సగం కంచు. వీటిని చూడ్డానికి టికెట్టు కొనే వెర్రిబాగులవాడు ఎవడుంటాడా అనుకున్నాను.

సుభద్రగారు ఆ మ్యూజియానికి అధికారి. అప్పటికి నలభై అయిదు దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన నేత చీరలో ఉండేవారు. ఆవిడ ఒంటిమీద చేతి గడియారం, మెడలో సన్న గొలుసు తప్ప నగ అన్నది లేదు. గొంతు పెంచడం ఎరగరు. నవ్వడం కూడా పెద్దగా ఎరగరు. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా విప్పి ఒక్కరే తినేవారు. "తింటావా" అని మాటవరసకైనా అడిగేవారు కాదు. మొదటి వారంలోనే మా అత్తతో, "మా మేడం కొయ్యబారిన మనిషి" అన్నాను. నేను చేరిన మూడో రోజున ఒక కంచు దండకడియానికి కార్డు రాశాను. పేరు, బరువు, కొలత అన్నీ సరిగ్గా రాసి, ధరించినవారు అన్న చోట ‘తెలియదు’ అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని నాకు గర్వం. ఆవిడ కార్డు చూసి, "ఎవరిని అడిగావు?" అన్నారు.

"ఎవరినీ అడగలేదండి. పాత కాగితాల్లో లేదు."

"అయితే తెలియదు అని ఎందుకు రాశావు? అడగలేదు అని రాయి."

ఒళ్లు మండింది. అయినా కొత్త ఉద్యోగం కదా, కొట్టేసి ‘అడగలేదు’ అని రాశాను. మర్నాడు పదకొండు కార్డుల మీద అలా రాయాల్సొచ్చింది. పదకొండుసార్లు నేను సోమరినని నా చేత్తో నేనే రాసుకున్నట్టుంది. ఆవిడకు కావలసిందీ అదేనని తర్వాత తెలిసింది. వారం తిరగకుండా నన్ను వెంటబెట్టుకుని అడగడానికి బయల్దేరారు.

ఆటోనగర్లో ఒక లేతు మిషను షెడ్డుకు తీసుకెళ్లారు. వెండి నగల సంగతి ఇనప రజను మధ్య ఏం తెలుస్తుందని నేను ముక్కు చిట్లించాను. అక్కడ పనిచేసే అతని తాత ఒకప్పుడు పేరున్న కంసాలి. అతను గ్రీజు చేతులు పాత బనీనుకు తుడుచుకుని, సుభద్రగారు రుమాల్లో తెచ్చిన మురుగును తీసుకుని వెలుతురుకు పట్టాడు. "మా తాత పనే మేడం. అతుకు కాడ సూడండి, గోరుతో గిల్లినట్టు చిన్న నొక్కుంటాది. ఆయన సేసిందేదైనా అలగే ఉంటాది" అన్నాడు. మురుగు తిరిగి ఇస్తూ, "ఇది ఎవులు తొడిగినారో మాయమ్మకి తెలుత్తాది, అడిగి సెప్తాను" అన్నాడు. నెలకు కబురొచ్చింది. అనకాపల్లి దగ్గర ఒక రైతు ఇల్లాలిది. ఆ పేరు కార్డు మీద రాసిన రోజున నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అప్పటినుంచి సుభద్రగారంటే భయం పోయి ఇష్టం మొదలైంది. ఆవిడ మెప్పు పొందాలన్న యావ కూడా అప్పుడే పట్టుకుంది. నా కొంప ముంచింది ఆ యావే.

ఆ ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పెద్ద అధికారి ఒకాయన మ్యూజియం చూడ్డానికి వస్తున్నట్టు కబురు వచ్చింది. సుభద్రగారు రెండు రోజుల పనిమీద హైదరాబాదు వెళ్లి, ఆయన వచ్చే నాటి ఉదయం బండికి తిరిగి రావాలి. మా పల్లెలో చుట్టాలొస్తున్నారంటే ముందు వెండి ఇత్తడి తోముతారు. నల్లబడ్డ చెంబుతో నీళ్లిస్తే ఆ ఇంటి ఆడదాని పెంపకాన్నే అంటారు. మా అమ్మ నన్ను ఆ నమ్మకంతోనే పెంచింది. మ్యూజియంలో వెండంతా పెనం మాడినట్టు నల్లగా ఉంది. పాపం మేడానికి తీరిక లేక వదిలేశారు, నేను చేసిపెడితే మెచ్చుకుంటారు అనుకున్నాను. ఇంటినుంచి కుంకుడుకాయలు, విబూది పట్టుకెళ్లాను. మొదట తీసినవి రెండు బరువైన వెండి కడియాలు. అందులో ఒకదానికి లోపలి వైపు జిడ్డోడుతున్న పాత గుడ్డ పేలిక చుట్టి ఉంది. పసుపూ నూనే పట్టి అట్టకట్టుకుపోయింది. కత్తెరతో కోసి చెత్తబుట్టలో పడేశాను. పాత బ్రష్షుతో సందులన్నీ తోమి, మెత్తటి బట్టతో రుద్దితే కడియాలు తళతళలాడాయి. ఆ రోజు ఇంకో ఆరు వస్తువులు తోమాను. అధికారి వచ్చి, "బాగా పెట్టారు" అన్నాడు. నా మొహం చాటంతయింది.

సుభద్రగారు ఆయన్ని కారు దాకా సాగనంపారు. ఆయన కారు గేటు దాటాక లోపలికి వచ్చి, కడియాలున్న అద్దాల పెట్టె ముందు నిలబడి, "గుడ్డ ఏది పద్మా?" అన్నారు. చెత్తలో వేశానన్నాను. ఇద్దరం పెరట్లోకి పరిగెత్తాం. అటెండరు అప్పలస్వామి గొట్టంతో మొక్కలకు నీళ్లు పెడుతున్నాడు. "నిన్ననే ఆకులతోటి కలిపి అంటించీసినానమ్మా. సెత్తే కదా అనుకున్నాను" అన్నాడు. బూడిదలో కర్రపుల్లతో వెతికాను. ఏముంటుంది అక్కడ. సుభద్రగారు మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆవిడ అలా కింద కూర్చోగా నేను చూడ్డం అదే మొదలు.

ఆ కడియాల సంగతి అప్పుడు చెప్పారు. అవి యారాడలో ఎర్రమ్మ అనే జాలరి ఆవిడవి. పెళ్లినాడు తొడిగినవి, చచ్చేదాకా తియ్యలేదు. ముసలితనంలో ఒక కాలు వాచిపోయి కడియం ఒరుసుకుని పుండు పడింది. కంసాలిని పిలిచి కోయిస్తామంటే ఒప్పుకోలేదు. కూతురు పోలమ్మ తన పెళ్లి కోక అంచు చింపి, పసుపూ నూనే రాసి కడియానికి లోపల చుట్టింది. మూడేళ్లు రోజూ ఆ కట్టు చూసుకునేది. తల్లి పోయాక అన్నదమ్ములు కడియాలు కరిగించి పంచుకుందామన్నారు. నాకింకేమీ వద్దు, ఇవి చాలు అని పోలమ్మ తీసుకుంది. ఇంట్లో ఉంటే ఏనాటికైనా కరిగించేస్తారని భయపడి, కొండ దాటొచ్చి సుభద్రగారి చేతిలో పెట్టింది. ఎలా ఉన్నవి అలాగే ఉంచాలన్నది ఒక్కటే షరతు. ఎర్రమ్మ పోయింది నాగులచవితి మర్నాడు. ఏటా ఆ రోజున పోలమ్మ చేపలమ్ముకుని, ఖాళీ గంప గుమ్మం బయట పెట్టి లోపలికి వచ్చేది. సుభద్రగారు పెట్టె తాళం తీసి పక్కకు తప్పుకునేవారు. పోలమ్మ ఆ గుడ్డను వేళ్లతో తడుముకుని వెళ్లిపోయేది. ఇదంతా కార్డు వెనక రాసి ఉంది. కార్డులు రాయడమే ఉద్యోగమైన నేను ఆ కార్డు తిప్పి చూడలేదు.

"వెండి తోమకూడదని నేను నీకు చెప్పలేదు. అది నా తప్పు" అన్నారు ఆవిడ. "ముట్టుకునే ముందు నువ్వు అడగలేదు. అది నీ తప్పు."

నేను ఏడుస్తూ ఒక సలహా ఇచ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. పాత కోక అంచు దొరక్కపోదు, పసుపు రాసి నాలుగు రోజులు నూనెలో ఊరబెట్టి చుట్టేద్దాం, పోలమ్మకేం తెలుస్తుంది అన్నాను. సుభద్రగారు నావైపు తిరిగారు. "ఆవిడ దాన్ని పట్టుకుని తల్లిని తలుచుకుంటుంది పద్మా. పక్కన నిలబడి చూస్తూ నీ మొహం ఎక్కడ పెట్టుకుంటావు?" అన్నారు. చవితికి ఇంకా మూడు వారాలుంది. అప్పటిదాకా ఆగితే ఆగిన రోజులన్నీ అబద్ధం కిందే లెక్క అని, మర్నాడే యారాడ వెళ్దామన్నారు. చెప్పాల్సింది నేనే అన్నారు.

మల్కాపురం దాకా సిటీ బస్సులో, అక్కడినుంచి ఆటోలో కొండెక్కి దిగాం. పోలమ్మ ఇంటి ముందు వల పరిచిన పట్టా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. నల్లగా, గట్టిగా, మోచేతుల దాకా పొలుసులంటిన మనిషి. సుభద్రగారిని చూసి మొహం విప్పారింది. "సవితి రాకుండానే వొచ్చినారేటమ్మా" అంటూ పీట వేసింది. నేను రాత్రంతా మాటలు కూడబెట్టుకున్నాను. ఆఫీసులో మాట్లాడే తెలుగులో, మర్యాదగా, పద్ధతిగా. ఒక్కటీ నోటికి రాలేదు. మా పల్లె మాటే వచ్చింది.

"నానే తీసీసినానమ్మా. నాకు తెలీదు. సెత్తనుకుని పారీసినాను. కాలిపోనాది."

పోలమ్మకు కొంతసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను చూడలేదు, సుభద్రగారిని చూసింది. "అలగే ఉంటాదని నువ్వు సెప్పినావు కదమ్మా" అంది.

"చెప్పాను. నిలబెట్టుకోలేకపోయాను. కడియాలు వెనక్కి ఇచ్చేయమంటే రేపే తెచ్చిస్తాను పోలమ్మా. పైవాళ్లు అడిగితే నేను చెప్పుకుంటాను."

"తెచ్చి ఏటి సేత్తాను. కరిగించీసీవోలు ఇంట్లోనే ఉన్నారు." చేతిలో చేపను పట్టా మీద పెట్టి, "రుద్దీసినారా?" అని అడిగింది. మెరుస్తున్నాయని చెప్పాను. "మెరిసీవి మాయమ్మవి కావు. నాను రాను. సూడను" అంది. లోపలికి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి సుభద్రగారికి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. ఎండలో మళ్లీ ఆ కొండెక్కుతుంటే నాలుక పిడచగట్టుకుపోయింది. అయినా దారిలో ఎక్కడా నీళ్లు అడగలేదు.

ఆఫీసుకు వచ్చాక సుభద్రగారు ఎర్రమ్మ కార్డు నా ముందు పెట్టి, జరిగింది రాయమన్నారు. ‘లోపలి గుడ్డ ఇప్పుడు లేదు. తీసి పారేసినది పద్మ’ అని రాశాను. రాసేటప్పుడు పశ్చాత్తాపం కన్నా కోపమే ఎక్కువ ఉంది. తప్పు ఒప్పుకున్నాను, కొండెక్కాను, ముఖాన అనిపించుకున్నాను, ఇంకా ఈ రాతేమిటి, నేను చచ్చాక కూడా జనం చదువుకోవాలా అనుకున్నాను. నెల రోజులు ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను. వేరే ఉద్యోగానికి దరఖాస్తులు కూడా పెట్టాను. ఆవిడ ఏమీ పట్టించుకోలేదు. కొత్త కంటె ఒకటి వస్తే ఎప్పటిలాగే నా బల్ల మీద పెట్టి, "దీని సంగతి కనుక్కో" అన్నారు. నన్ను నమ్మి మళ్లీ వెండి వస్తువు చేతికిచ్చారు. ఆ సాయంత్రం దరఖాస్తులు చింపేశాను.

పోలమ్మ ఆ ఏడు రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. నాగులచవితి మర్నాడు సుభద్రగారు మాత్రం మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టేవారు. ఆ రోజున ఆఫీసులో కూర్చోలేక ఇంటికి వెళ్లిపోతారనుకునేదాన్ని. ఏళ్లు గడిచాయి. నా ఉద్యోగం పర్మినెంటైంది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు ఆవిడ రిటైరయ్యారు. ఆఖరి రోజున తాళాలగుత్తి నా చేతికిచ్చి, ఏ తాళం ఏ పెట్టెదో ఒక్కొక్కటీ చూపించి, చివర్లో, "చవితి మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టుకో, యారాడ వెళ్లాలి. నాకింక మోకాళ్లు సహకరించవు" అన్నారు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ ఆ సెలవులన్నీ ఎక్కడికో.

"ఆవిడ రానంది కదండీ" అన్నాను.

"ఆవిడ రాదు కాబట్టే మనం వెళ్లాలి" అన్నారు.

మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. పోలమ్మకు అప్పటికి జుట్టు నెరిసింది. గుర్తుపట్టింది. "నువ్వా" అని పీట వేసి టీ ఇచ్చింది. వలల గురించి, కోడలి గురించి మాట్లాడింది. కడియాల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాలుగేళ్లు అలాగే వెళ్లొచ్చాను. అయిదో ఏట, చవితికి రెండు నెలల ముందు సుభద్రగారు నిద్రలోనే పోయారు. ఆ కబురు యారాడకు నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది. పోలమ్మ విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటేటా వొచ్చీది. ఇదిగో, ఇక్కడే కూకునీది. టీ తాగీసి ఎల్లిపోయీది. ఒక్కనాడూ నన్ను రమ్మని అనలేదు" అంది. కళ్లు తుడుచుకుని, "ఆటిని మల్లీ తోమినారా?" అని అడిగింది.

"లేదమ్మా. తరవాత ఎవర్నీ ముట్టుకోనీలేదు."

"ఇప్పుడెలగున్నాయి?"

"నల్లబడిపోనాయి."

"లోపల్లోపల కూడానా?"

"లోపల కూడా."

పోలమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "అలగైతే వొత్తాను" అంది.

వారం రోజులకు కోడలిని తోడు తీసుకుని వచ్చింది. పెట్టె తాళం తీసి నేను పక్కకు తప్పుకున్నాను. గుడ్డ ఉండాల్సిన చోట వేలు పెట్టి నెమ్మదిగా తిప్పింది. కార్డు చదవమంది. ఎర్రమ్మ పేరు, ఊరు, కాలి వాపు, పెళ్లి కోక అంచు, అన్నీ చదివాను. చివర నా పేరు దగ్గర ఆపేద్దామనిపించింది. అయినా చదివాను. పోలమ్మ విని తలాడించింది. "మాయమ్మ పేరు ఇంకొక్కసారి సదువు" అంది. చదివాను. వెళ్లబోతూ తన చేతులకున్న వెండి మురుగులు నా ముందుకు చాచింది.

"నాను పోయినాక ఇయ్యి కూడా ఇక్కడే ఎట్టు. దీనికి సెప్పీసినాను" అని కోడలివైపు చూపించింది. "ఇంకెవుల్నీ పంపకు. నువ్వే వొచ్చి తీసుకో."

పోలమ్మ ఇంకా ఉంది. కళ్లు సరిగా కనబడవు గానీ, నేను గుమ్మంలో అడుగుపెడితే పోల్చుకుంటుంది. మురుగులు ఆవిడ చేతులకే ఉన్నాయి, ముసలి చేతులు చిక్కిపోయి కొంచెం వదులయ్యాయి. మా మ్యూజియానికి ఏ వస్తువు వస్తుందన్నా వెంటనే రప్పించుకోవడానికి నానా తంటాలు పడే మనిషిని నేను. ఈ ఒక్క జత మాత్రం ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని, కొండ దిగుతూ ఏటా అనుకుంటాను.